నాణెం వేస్తే నడిచే యంత్రాలు: తొలినాటి ఆపరేటర్ల వ్యాపారంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాత స్లాట్ మెషీన్లు (నాణెంతో ఆడే జూదపు యంత్రాలు), జూక్‌బాక్సులు (నాణెం వేస్తే పాట మోగించే పెట్టెలు), పిన్‌బాల్ (వాలు బల్ల మీద బంతులు వదిలి ఆడేది) ఆటల గురించి చదివేవాళ్లకు కనిపెట్టినవాళ్ల పేర్లు బాగానే తెలుసు. ఆ యంత్రాన్ని కొట్టులో పెట్టి, వారం వారం తాళం తీసి, చిల్లర లెక్కపెట్టినవాళ్ల గురించి మాత్రం సమాచారం తక్కువ. అందుకే ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఇక్కడి జవాబులు ముఖ్యంగా అమెరికాలో 1880ల నుంచి 1950 దాకా నడిచిన వ్యాపారానికి సంబంధించినవి. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొదలైన తీరు

నాణెం వేస్తే పనిచేసే మొదటి యంత్రం ఎవరు చేశారు?

రాతలో దొరికే తొలి యంత్రం క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హీరో వర్ణించినది. ఆలయంలో నాణెం వేస్తే ఆ బరువుకి లోపలి మీట వంగి, పవిత్ర జలం కాసేపు కారి ఆగిపోయేది. వ్యాపారంగా నిలదొక్కుకున్నది మాత్రం 1880ల్లోనే. ఇంగ్లండ్‌లో పర్సివల్ ఎవరిట్ పోస్టుకార్డులు అమ్మే యంత్రానికి, బరువు తూచే యంత్రానికి పేటెంట్లు తీసుకున్నాడు. 1888లో థామస్ ఆడమ్స్ కంపెనీ న్యూయార్క్ ఎలివేటెడ్ రైలు ప్లాట్‌ఫారాల మీద చూయింగ్ గమ్ యంత్రాలు పెట్టింది. రైలు కోసం నిలబడ్డ మనిషి, జేబులో పెన్నీ (ఒక సెంటు నాణెం), చేతిలో ఐదు నిమిషాల ఖాళీ. తర్వాత వచ్చిన వ్యాపారమంతా ఈ మూడింటినే వెతుక్కుంటూ పోయింది.

ఆపరేటర్ అంటే ఎవరు? తయారుచేసినవాడా, కొట్టు యజమానా?

రెండూ కాదు. ఆపరేటర్ యంత్రాన్ని సొంత డబ్బుతో కొంటాడు. వేరేవాళ్ల బార్‌లోనో, మందుల షాపులోనో, హోటల్లోనో పెడతాడు. రిపేర్లు తనే చేస్తాడు, సరుకు నింపుతాడు, వసూళ్లకు వస్తాడు, వచ్చినదాంట్లో కొట్టు యజమానికి వాటా ఇస్తాడు. ఇలా ఒకే ఆపరేటర్ యంత్రాలు పెట్టిన కొట్లన్నీ కలిపి అతని ‘రూట్’. అమ్మేటప్పుడు యంత్రాలకన్నా రూట్‌కే ఎక్కువ విలువ కట్టేవారు, ఎందుకంటే యంత్రం ఎవరైనా కొనొచ్చు, కొట్టు యజమాని నమ్మకం కొనలేం.

ఫోనోగ్రాఫ్‌కి నాణెం పెట్టి నిజంగా డబ్బు చేసుకున్నారా?

చేసుకున్నారు. 1889 నవంబర్ 23న లూయిస్ గ్లాస్, విలియం ఆర్నాల్డ్ కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలోని పాలే రాయల్ బార్‌లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌కి నాణెం పెట్టె అమర్చారు. అప్పటికి శబ్దాన్ని పెద్దది చేసే ఏర్పాటు లేదు. చెవికి పెట్టుకునే గొట్టాలు నాలుగు ఉండేవి, ప్రతి గొట్టానికీ విడిగా ఒక నికెల్, అంటే 5 సెంట్లు వేయాలి. ఒకే పాట నలుగురు వింటే 20 సెంట్లు. మొదటి ఆరు నెలల్లో ఆ ఒక్క యంత్రం వెయ్యి డాలర్లు దాటించింది. అయితే పాట రికార్డు చేసిన మైనపు సిలిండర్ త్వరగా అరిగిపోయేది, బ్యాటరీలను చూసుకునేందుకు తెలిసిన మనిషి కావాల్సి వచ్చేది. పెట్టేసి వదిలేస్తే నడిచే వ్యాపారం కాదని ఆ రంగానికి అప్పుడే అర్థమైంది.

ఎడిసన్ కైనెటోస్కోప్ (ఒక్కొక్కరే కన్నం లోంచి కదిలే బొమ్మలు చూసే పెట్టె) కూడా నాణెంతోనే నడిచేదా?

మొదట్లో లేదు. 1894 ఏప్రిల్ 14న న్యూయార్క్, 1155 బ్రాడ్‌వేలో తెరిచిన పార్లర్‌లో 10 యంత్రాలు రెండు వరసల్లో ఉండేవి. 25 సెంట్లు కడితే ఒక వరసలోని ఐదూ చూడొచ్చు, పనివాళ్లే ఒక్కొక్కటీ ఆన్ చేసేవారు. ఆ జీతాలు మిగిల్చింది తర్వాత వచ్చిన నాణెం పెట్టె. హెర్మన్ కాస్లర్ మ్యూటోస్కోప్ ఇంకో అడుగు ముందుకేసింది: ఫిల్ముకి బదులు వందల కార్డులు, మోటారుకి బదులు చూసేవాడే తిప్పే చేతి పిడి. ఖర్చు తక్కువ, చెడేది తక్కువ. పెన్నీ ఆర్కేడ్లలో, అంటే ఇలాంటి నాణెం యంత్రాలు వరసగా పెట్టిన హాళ్లలో, అది దశాబ్దాల పాటు నిలబడింది. తర్వాతి కాలపు సినిమా దిగ్గజాలు అడాల్ఫ్ జూకర్, మార్కస్ లో ఇద్దరూ మొదట ఇలాంటి ఆర్కేడ్లలో పెట్టుబడి పెట్టినవాళ్లే.

చార్లెస్ ఫే తన లిబర్టీ బెల్ యంత్రాలను ఎందుకు అమ్మలేదు?

అమ్మితే ఒక్కసారే డబ్బు, పెడితే ప్రతి వారం డబ్బు. బవేరియా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన ఫే 1890ల చివర్లో మూడు రీళ్ల (బొమ్మలున్న తిరిగే చక్రాల) స్లాట్ యంత్రం చేసి, బార్లలో పెట్టి, వసూలులో సగం తీసుకునేవాడు. మూడు గంట బొమ్మలు వరసగా పడితే పెద్ద బహుమతి, పది నికెళ్లు. తయారీదారు, ఆపరేటర్ ఒకడే కావడం వల్ల లాభం నిలిచింది కానీ, అతని చిన్న వర్క్‌షాపు గిరాకీని అందుకోలేకపోయింది. 1905లో ఒక బార్ నుంచి దొంగిలించిన లిబర్టీ బెల్ షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీకి చేరిందని అంటారు. ఆ దొంగతనం కథ ఎలా ఉన్నా, మిల్స్ తన సొంత లిబర్టీ బెల్‌ను పెద్ద ఎత్తున తయారుచేసి దేశమంతా ఆపరేటర్లకు అమ్మడం మాత్రం వాస్తవం. 1906 భూకంపంలో ఫే వర్క్‌షాపు నాశనమైంది.

## యంత్రం కొనడం, చోటు చూడడం

కొత్తవాడు ఎంత పెట్టుబడితో మొదలుపెట్టేవాడు?

1931లో డేవిడ్ గాట్లీబ్ తెచ్చిన బాఫుల్ బాల్ అనే పిన్‌బాల్ ఆట ఈ లెక్కనే మార్చేసింది. కౌంటర్ మీద పట్టే పెట్టె, ధర 17 డాలర్ల 50 సెంట్లు. పెన్నీకి ఐదు నుంచి ఏడు బంతులు. కొట్టుతో సగం సగం వాటా అనుకుంటే పెట్టుబడి తిరిగి రావడానికి మొత్తం 35 డాలర్లు, అంటే 3,500 పెన్నీలు పడాలి. రోజుకి 200 ఆటలు నడిచే చోట అది 18 రోజుల్లో తేలిపోతుంది. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం పోయినవాళ్లు ఇందుకే ఈ పనిలోకి దిగారు. గాట్లీబ్ ఆర్డర్లు అందుకోలేకపోతుంటే, అతని ఆటలు పంపిణీ చేస్తున్న రేమండ్ మొలోనీ తనే బాలీహూ అనే ఆట చేయించాడు. అదీ 50 వేల దాకా అమ్ముడుపోయింది. బాలీ కంపెనీ అలా పుట్టింది.

చవకగా దొరకడంలోనే చిక్కూ ఉంది. పక్క వీధిలో ఇంకొకడు అదే ఆట పెడతాడు. కొన్ని వారాల్లో జనానికి మొహం మొత్తుతుంది. అనుభవం ఉన్న ఆపరేటర్ వసూలు పూర్తిగా పడిపోయేదాకా ఆగడు. తగ్గుముఖం పట్టగానే ఆ యంత్రాన్ని రూట్‌లోనే మరో పేటకు మారుస్తాడు, అక్కడా పడిపోయాక చిన్న ఊరి ఆపరేటర్‌కి సెకండ్‌హ్యాండ్‌గా అమ్ముతాడు.

కంపెనీ నేరుగా అమ్మేదా, మధ్యవర్తులు ఉండేవారా?

ఎక్కువగా డిస్ట్రిబ్యూటర్ల ద్వారానే. మిల్స్, గాట్లీబ్, బాలీ, రాక్‌ఓలా, సీబర్గ్ అన్నీ షికాగోవే. డిస్ట్రిబ్యూటర్ తన ప్రాంతంలో యంత్రాలు, విడిభాగాలు నిల్వ ఉంచేవాడు, పాతవి మార్పిడికి తీసుకునేవాడు, జూక్‌బాక్సు లాంటి ఖరీదైనవి వాయిదాల మీద ఇచ్చేవాడు. ఏది ఆడుతోంది, ఏది ఆగిపోయింది అన్న కబురు వ్యాపార పత్రికల్లో వచ్చేది. బిల్‌బోర్డ్ 1930ల్లో ఈ రంగానికి ప్రత్యేక పేజీలు కేటాయించింది. క్యాష్ బాక్స్ 1942లో ఇదే వ్యాపారం కోసం మొదలైంది.

మంచి చోటు అని ఎలా తేల్చేవారు?

ఎంతమంది వస్తున్నారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎంతసేపు నిలబడుతున్నారో చూడాలి. రద్దీగా ఉండే టికెట్ కౌంటర్ దగ్గర పిన్‌బాల్ ఆడదు, బరువు యంత్రం ఆడుతుంది. హెయిర్ కటింగ్ షాపులో వంతు కోసం కూర్చున్నవాళ్లుంటారు కాబట్టి గమ్, చిన్న కౌంటర్ ఆటలు నడుస్తాయి. జూక్‌బాక్సుకి డాన్స్ చేసే ఖాళీ, కూర్చుని తాగే బల్లలు రెండూ ఉన్న చోటు కావాలి.

కొట్టులోపల ఎక్కడ పెట్టాలన్నదీ అంతే ముఖ్యం. యంత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషికి కనబడాలి. లేకపోతే నకిలీ నాణేలు, కుదుపులు మొదలవుతాయి. ఎండ పడే అద్దం పక్కన పెడితే గమ్ మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటుంది, చెక్క పలక వంగుతుంది. పిన్‌బాల్‌కి నేల మట్టంగా ఉండాలి. అడ్డంగా మట్టపు గొట్టం పెట్టి చూసి కాళ్లు సరిచేయకపోతే బంతులన్నీ ఒకే పక్కకి పోయి ఆటగాడికి రెండో రోజే విసుగొస్తుంది. బరువు యంత్రం పీఠం గోడకి ఆనితే తూకం తక్కువ చూపిస్తుంది.

వాటా ఎప్పుడూ సగం సగమేనా?

వాడుక సగం సగమే. ఫే కాలం నుంచీ అదే లెక్క. కానీ యంత్రాన్ని బట్టి మారేది. గమ్, వేరుశెనగ లాంటి సరుకు యంత్రాల్లో సరుకు ఖర్చు ఆపరేటర్‌దే కాబట్టి కొట్టు వాటా బాగా తక్కువ. జూక్‌బాక్సులో రికార్డులు, సూదులు కొనాలి కాబట్టి కొందరు ఆపరేటర్లు వారానికి ఇంత మొత్తం ముందు తీసేసి, మిగిలినదే పంచేవారు. పోటీ ఎక్కువైన వీధుల్లో కొట్టు యజమానికి అప్పు ఇచ్చి చోటు పట్టేవాళ్లూ ఉన్నారు. ఇది ప్రమాదకరమైన అలవాటు. అప్పు తీరేదాకా ఆపరేటర్ ఆ చోటు వదల్లేడు, యంత్రం ఆడకపోయినా మార్చలేడు.

## రోజువారీ పని

వసూలు రోజున ఏం చేసేవారు?

1. కొట్టు యజమాని ఎదుటే పెట్టె తెరవాలి. వెనక గదిలోకి తీసుకెళ్లి లెక్కపెట్టిన ఆపరేటర్‌ని ఎవరూ ఎక్కువ రోజులు నమ్మరు.
2. నకిలీలు, వంగిన నాణేలు ముందే వేరుచేయాలి. ఆ నష్టం ఇద్దరూ భరిస్తారా, ఆపరేటరే భరిస్తాడా అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి.
3. యంత్రం మింగేసిన నాణేలకు యజమాని తన జేబులోంచి కస్టమర్లకు తిరిగి ఇచ్చిన డబ్బు ముందు తీసివేయాలి. పెట్టెలో 24 డాలర్లుండి, అతను 2 డాలర్లు వాపసు ఇచ్చి ఉంటే పంచేది 22. ఆపరేటర్‌కి 11, యజమానికి 11, దాంతో పాటు అతని 2.
4. నికెళ్లు 40 చొప్పున, పెన్నీలు 50 చొప్పున, డైములు (10 సెంట్ల నాణేలు) 50 చొప్పున కాగితంలో చుట్టాలి.
5. రశీదు నకలుతో రాసి ఒకటి యజమానికి ఇవ్వాలి.
6. వెళ్లేముందు సొంత నాణెం వేసి ఒకసారి ఆడించి చూడాలి.

చిల్లర బరువు కూడా లెక్కలోదే. వంద డాలర్ల నికెళ్లు 10 కిలోలు, వంద డాలర్ల పెన్నీలు 31 కిలోలు. పెన్నీ రూట్ నడిపేవాడు కారు లేకుండా ఎక్కువ దూరం పోలేడు. ఎంత తరచుగా వెళ్లాలన్నది పెట్టె నిండే వేగాన్ని బట్టి ఉంటుంది. వారానికోసారి సాధారణం. పెట్టె నిండి నాణేలు దారిలో ఇరుక్కుంటే యంత్రం ఆగిపోతుంది, అలా ఆగేది ఎక్కువగా శనివారం రాత్రే.

స్లాట్ మెషీన్ హ్యాండిల్ లాగితే లోపల ఏం జరుగుతుంది?

నాణెం లోపలికి పోయి హ్యాండిల్ గొళ్లెం విడిపిస్తుంది. హ్యాండిల్ లాగితే స్ప్రింగులు బిగుసుకుని, ఒక మీట మూడు రీళ్లనూ ఒకేసారి తన్ని తిప్పుతుంది. అదే సమయంలో చిన్న గడియారపు యంత్రం కదులుతుంది. దాని చివర ఉండే రెక్క గాలిని కోస్తూ వేగాన్ని అదుపులో పెడుతుంది. ఆ గడియారం ఆపే మీటలను ఒకదాని తర్వాత ఒకటి వదులుతుంది. అవి పళ్ల చక్రంలో పడి ఎడమ రీలు మొదట, కుడి రీలు చివర ఆగుతాయి. ఆఖరి రీలు కోసం ఊపిరి బిగబట్టించే ఆ ఆలస్యం ఈ రెక్క పుణ్యమే.

రీళ్లు ఆగాక, ఒక్కో రీలు పక్కనున్న చిల్లుల పలకని ఇనుప వేళ్లు తడిమి చూస్తాయి. మూడు వేళ్లకూ సరిపోయే చిల్లులు దొరికితే ఆ బహుమతికి సంబంధించిన పలక జరిగి, బహుమతి నాణేలు పేర్చి ఉండే గొట్టం అడుగు నుంచి అన్ని నాణేలను తోసేస్తుంది. గొట్టం నిండాక వచ్చే నాణేలే జాక్‌పాట్‌లోకి, యంత్రం డబ్బుపెట్టెలోకి పోతాయి. అందుకే ఆపరేటర్ గొట్టం నింపి వెళ్లాలి. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు గెలిచినవాడికి తక్కువ పడితే గొడవ కొట్టు యజమాని మీదికి వస్తుంది.

గెలిచే అవకాశాన్ని ఆపరేటర్ మార్చగలిగేవాడా?

మార్చగలిగేవాడు. రీలుకి 20 గుర్తులుంటే మూడు రీళ్లకు 20 × 20 × 20, అంటే 8,000 కలయికలు. ఒక గుర్తు మొదటి రీలు మీద 2, రెండో దాని మీద 3, మూడో దాని మీద 1 ఉంటే అది వరసగా పడేది 8,000కి 6 సార్లు. పళ్ల చక్రంలో ఒక గాడిని చిన్న లోహపు ముక్కతో మూసేస్తే ఆ చోట రీలు ఆగదు. దీన్ని ‘బగ్’ అనేవారు. మొదటి రీలు మీది రెండింటిలో ఒకదాన్ని మూస్తే 6 కాస్తా 3 అవుతుంది. బయటికి గుర్తు కనిపిస్తూనే ఉంటుంది, పడదు. ఇది ఆటగాణ్ణి మోసం చేయడమే, దీనికి వేరే పేరు పెట్టక్కర్లేదు. వ్యాపారంగా చూసినా తెలివితక్కువ పని: రోజూ ఆడేవాళ్లు కొన్నాళ్లలో పసిగడతారు, యంత్రం మూలపడుతుంది. పాత యంత్రం కొన్నవాళ్లు పళ్ల చక్రాలను తప్పకుండా చూడాలి, బగ్గులు ఇప్పటికీ దొరుకుతుంటాయి.

ఎక్కువగా చెడిపోయేది ఏ భాగం?

నాణెం దారి. వంగిన నాణెం, తడి, బార్‌లో ఒలికిన తీపి పానీయం. రెండోది పాత గ్రీజు. అది గట్టిపడితే గడియారం నెమ్మదించి రీళ్లు ఆలస్యంగా ఆగుతాయి, ఒక్కోసారి ఆగనే ఆగవు. మరికాస్త నూనె పోయడం తప్పుడు వైద్యం, దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. విప్పి, కడిగి, ఆరబెట్టి, ఇరుసుల దగ్గర మాత్రమే ఒక్కో చుక్క వేయాలి. నాణెం దారిలో నూనె అసలే వేయకూడదు.

జూక్‌బాక్సులో ఏ పాటలు పెట్టాలో ఎలా తెలిసేది?

చాలా యంత్రాల్లో ప్రతి రికార్డు ఎన్నిసార్లు మోగిందో చూపే మీటరు ఉండేది. వారం వసూలుకు వచ్చినప్పుడు అట్టడుగున ఉన్నవి తీసి కొత్తవి పెట్టేవారు. అరిగి గీతలు పడ్డ హిట్ పాటను కూడా మార్చాలి, లేకపోతే సూది పాడై మిగతా రికార్డులన్నిటినీ చెక్కేస్తుంది. ఒక పేటలో ఆడినది ఇంకో పేటలో ఆడదు. తీసేసిన రికార్డు రూట్‌లో మరో చోటికి వెళ్లేది. 1948 చివర్లో సీబర్గ్ వంద పాటల యంత్రం తెచ్చాక ఎంపిక పెరిగింది, దాంతోపాటు ఆపరేటర్ కొనాల్సిన రికార్డులూ పెరిగాయి.

పాటకి రాయల్టీ కట్టేవారా?

రికార్డు కొన్న ధర తప్ప, మోగించినందుకు కట్టేవారు కాదు. ప్రవేశ రుసుము లేని చోట నాణెం యంత్రంలో మోగిన పాటకు 1909 అమెరికా కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. అది 1978 దాకా నడిచింది. ఆ తర్వాత పెట్టెకి ఏడాదికి 8 డాలర్లతో లైసెన్సు మొదలైంది. పాట రాసినవాళ్లకు ఇది 70 ఏళ్ల అన్యాయం.

## మోసాలు, వాటికి విరుగుడు

నకిలీ నాణేన్ని యంత్రం ఎలా గుర్తుపట్టేది?

తొలి యంత్రాలు పరిమాణం తప్ప ఏమీ చూసేవి కావు. ఇనుప వాషరు, సీసం బిళ్ల ఏదైనా చెల్లేది. 1930ల నాటికి నాణెం కొన్ని పరీక్షలు దాటాల్సి వచ్చింది. వ్యాసం తక్కువైతే పక్క సందులోంచి కింద పడిపోతుంది. బరువు చాలకపోతే నాణెం పడే ఊయల లాంటి మీట వంగదు. ఇనుమైతే అయస్కాంతం పట్టేస్తుంది. రాగి, ఇత్తడి బిళ్లలు అయస్కాంతం పక్కనుంచి దొర్లేటప్పుడు వాటిలో పుట్టే విద్యుత్తు వల్ల నెమ్మదిస్తాయి. అసలు నికెల్ నాణెం మిశ్రమం విద్యుత్తును అంత బాగా ప్రసరింపజేయదు కాబట్టి వేగం తగ్గకుండా దూకి సరైన సందులో పడుతుంది. మెత్తటి సీసం ఇనుప దిమ్మకి తగిలి సరిగా ఎగరదు. వీటితో పాటు, చివరగా వేసిన కొన్ని నాణేలు అద్దం వెనక వరసగా కనిపించే ఏర్పాటు కూడా ఉండేది. అక్కడ కాపలా కొట్టు యజమాని కన్నే.

చెయ్యి తిరిగిన ఆటగాళ్లు స్లాట్ యంత్రాన్ని ఖాళీ చేసేవారట, నిజమేనా?

నిజమే. నాణేనికి దారం కట్టి మళ్లీ పైకి లాగడం, నాణేలు పడే నోట్లోంచి తీగ పెట్టి పలకలను కదపడం పాత పద్ధతులు. వీటికి దారిలో కోసే అంచు, నోటి దగ్గర అడ్డుపలక పెట్టారు. 1940ల చివర్లో నెవాడాలో ఇంకో పద్ధతి బయటపడింది: కొన్ని యంత్రాల గడియారం ఎప్పుడూ ఒకే వేగంతో నడుస్తుంది కాబట్టి, హ్యాండిల్‌ని సరైన లయలో లాగితే రీలు ఎక్కడ ఆగుతుందో అంచనా వేయొచ్చు. యంత్రంలో ఏదీ విరగదు, ఏ నకిలీ నాణెమూ పడదు, పట్టుకోవడం కష్టం. గడియారం వేగాన్ని ప్రతిసారీ కొంచెం మార్చే భాగం అమర్చాక గానీ అది ఆగలేదు.

పిన్‌బాల్‌లో ‘టిల్ట్’ ఎలా పనిచేస్తుంది?

లోహపు రింగు మధ్యలో ఒక గుండు వేలాడుతుంది. బల్లని గట్టిగా కుదిపితే గుండు రింగుకి తగిలి సర్క్యూట్ కలుస్తుంది, ఆట ఆగిపోతుంది. 1930ల్లో హ్యారీ విలియమ్స్ తెచ్చిన ఏర్పాటు ఇది. గుండుని కిందికి పైకి జరిపి ఎంత కుదుపు ఓర్చుకోవాలో ఆపరేటర్ నిర్ణయిస్తాడు. మరీ సున్నితంగా పెడితే బల్ల మీద మోచెయ్యి ఆనించినా ఆట పోతుంది, ఆటగాడు తిరిగి రాడు.

## చట్టం, యుద్ధం

జూదపు యంత్రంలో గమ్, పిప్పరమెంట్లు ఎందుకు పెట్టేవారు?

ఇది జూదం కాదు, సరుకు అమ్మకం అని చెప్పుకోవడానికి. శాన్‌ఫ్రాన్సిస్కో 1909లో స్లాట్ యంత్రాలను నిషేధించింది, చుట్టుపక్కల రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. మిల్స్ 1910 ప్రాంతంలో తెచ్చిన ఆపరేటర్ బెల్ రీళ్ల మీద పళ్ల బొమ్మలు వేశారు, అవి గమ్ రుచులను సూచించేవి. ప్రతి నాణేనికీ ఏదో ఒకటి వస్తుంది కాబట్టి అదృష్టంతో పనిలేదన్నది వాదన. కోర్టులు దాన్ని పదే పదే కొట్టేశాయి. నెవాడా 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. 1951 జనవరిలో వచ్చిన జాన్సన్ చట్టం జూదపు యంత్రాలను చట్టబద్ధం కాని రాష్ట్రాలకు తరలించడాన్ని నేరం చేసింది.

ఆపరేటర్లంతా గ్యాంగ్‌స్టర్లేనా?

కాదు. ఎక్కువమంది ఒక కారు, ఒక టూల్‌బాక్సుతో తిరిగిన చిన్న వ్యాపారులు. కానీ చిల్లర డబ్బుకి లెక్క ఉండదు కాబట్టి ముఠాలకు ఇది అనువైన రంగం. న్యూయార్క్ స్లాట్ యంత్రాలు ఫ్రాంక్ కాస్టెల్లో చేతిలో ఉండేవి. 1934లో మేయర్ లాగార్డియా వాటిని పగలగొట్టించి నీళ్లలో పారేయించాక కాస్టెల్లో తన స్లాట్ వ్యాపారాన్ని న్యూ ఆర్లియన్స్‌కి మార్చాడు. అదే లాగార్డియా 1942లో న్యూయార్క్‌లో పిన్‌బాల్‌ని నిషేధించాడు. అది 1976 దాకా తొలగలేదు. జూదంతో సంబంధం లేకుండా పెన్నీ ఆట నడుపుకున్న ఆపరేటర్ కూడా అదే దెబ్బకి కూలిపోయాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో వ్యాపారం ఎందుకు ఇరుక్కుంది?

1942లో కొత్త యంత్రాల తయారీ ఆగింది. రికార్డులకు కావాల్సిన లక్క ఎక్కువగా భారతదేశం నుంచే వెళ్లేది. ఆ ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం సైనికేతర వాడకాన్ని 70 శాతం తగ్గించింది. ఆగస్టు నుంచి సంగీతకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. ఆపరేటర్లు ఉన్నవే అరిగేదాకా మోగించారు.

నాణేలూ మారాయి. 1943 పెన్నీని జింకు పూసిన ఉక్కుతో ముద్రించారు. అది అయస్కాంతానికి అతుక్కుని, నకిలీగా తిరిగొచ్చేది. నికెల్ నాణెం విషయంలో జాగ్రత్తపడ్డారు: 56 శాతం రాగి, 35 శాతం వెండి, 9 శాతం మాంగనీసు మిశ్రమాన్ని యంత్రాలు అంగీకరించేలా ఎంచుకున్నారు.

మన రైల్వే స్టేషన్లలో ఉండే బరువు యంత్రం ఈ కోవలోదేనా?

అవును. పీఠం ఎక్కి, రంగుల దీపాల మధ్య తిరిగే చక్రం ఆగేదాకా కదలకుండా నిలబడి, నాణెం వేస్తే బరువు ముద్రించిన అట్టముక్క టికెట్ వచ్చేది. వెనక జోస్యమో, సినిమా తార బొమ్మో ఉండేది. సికింద్రాబాద్, విజయవాడ ప్లాట్‌ఫారాల మీద పెరిగిన తరానికి ఇది బాగా తెలుసు. బరువుతో పాటు జోస్యం ఇవ్వడం అమెరికా పెన్నీ తూకాల్లోనూ ఉంది. బరువు ఒక్కసారి చూస్తే చాలు, జోస్యం కోసం మళ్లీ ఎక్కుతారు. చక్రం ఆగకముందే నాణెం వేస్తే బరువు తప్పు పడేది. ఆ తప్పుల్లో చాలావాటికి కారణం యంత్రం చెడిపోవడం కాదు, ఎక్కినవాళ్ల తొందరే.